పన్నెండు గంటల గడి

పోయిన వారం ఐసీయూ నర్సులందరికీ పరీక్ష పెట్టారు. ముక్కులోంచి వేసిన గొట్టం కడుపులోకే చేరిందని ఎలా తెలుసుకుంటారన్న ప్రశ్నకు, అందరిలోకీ సీనియర్ నర్సు పెద్దక్క భేషుగ్గా రాసింది. లోపలి నీరు లాగి, కడుపులోని ఆమ్లమేనా అని రంగు మారే పట్టీతో పరీక్షించాలి, రాకపోతే ఎక్స్‌రే తీయాలి, గాలి కొట్టి చప్పుడు వింటే చాలదు. ఇరవైకి ఇరవై. పెద్దక్క ఆ జవాబు పక్కన కూర్చున్న జూనియర్ కాగితంలోకి తొంగిచూసి రాసిందని అందరికీ తెలుసు. ఆ జూనియర్‌ని వార్డంతా పుస్తకం పిల్ల అంటారు.

ఇవాళ ఆరో మంచం తాపీమేస్త్రికి, పాలలాంటి ఫీడు పోయడానికి ముక్కులోంచి గొట్టం వేసింది పుస్తకం పిల్లే. పక్షవాతం మనిషి. నిన్ననే వెంటిలేటరు తీశారు, దగ్గే ఓపిక కూడా లేదు. సిరంజితో లాగితే చుక్క రాలేదు. ఎక్స్‌రే మిషన్ రెండింటికి గానీ రాదన్నారు.

"పన్నెండు దాటింది. చార్టులో ఫీడు గడి ఖాళీగా ఉందేంటే?" అంటూ పెద్దక్క వచ్చింది.

"నీళ్లు రావట్లేదక్కా. ఎక్స్‌రే కోసం ఆగాను."

"అందాకా ఆయన్ని పస్తు పెడతావా? ఇటివ్వు."

సిరంజితో గొట్టంలోకి గాలి కొట్టి, మేస్త్రి పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి కళ్లు మూసుకుంది. ఇరవై రెండేళ్లుగా అలాగే మూసుకుంటోంది.

"గుడగుడమంది. ఫీడు పోసెయ్."

"పరీక్షలో మీరే రాశారు కదక్కా, వింటే చాలదని."

"నీ కాగితం చూసి మార్కులు తెచ్చుకున్నానే తల్లీ, చెవులు తెచ్చుకున్నానా?"

పక్క మంచం నర్సు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి పుస్తకం పిల్ల మొహం ఎర్రబడింది. ఫీడు పోసింది. గడిలో సంతకం పెట్టింది.

పావుగంటకల్లా మేస్త్రి పెదాలు నల్లబడ్డాయి. ఊపిరిగొట్టంలోంచి లాగితే పోసిన ఫీడే తిరిగొచ్చింది. మళ్లీ వెంటిలేటరు పెట్టారు. రెండింటికి మిషన్ చెప్పిన టైముకే వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రి పోయాడు. గోళ్ల సందుల్లో సిమెంటు ఇంకా అలాగే ఉంది.

"లేపి కూర్చోబెడతామన్నారుగా. నాన్నకి ఏమైందమ్మా?" కూతురు అడిగింది.

"జబ్బు ఊపిరితిత్తులకి పాకిందమ్మా," అంది పెద్దక్క.

"గొట్టం ఊపిరితిత్తిలోకి వెళ్లింది. సరిగ్గా చూసుకోకుండా ఫీడు పోశాను. నేనే," అంది పుస్తకం పిల్ల.

పెద్దక్క ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కూతురు అరవలేదు. "చూసుకునే పద్ధతేదీ లేదామ్మా?"

"ఉంది," అంది పుస్తకం పిల్ల.

"మీకు తెలీదా?"

"తెలుసు."

పెద్దక్క మోచెయ్యి వదిలేసింది.