చదవకుండా పెట్టిన సంతకం

"దురైసామి గారూ, వీటిలో ఆవుకి తాగించేది ఏదండీ, ఒంటికి పూసేది ఏది?"

రెండు లేబుల్ చుట్టలు బల్ల మీద పెట్టి, మోగుతున్న ఫోన్ ఎత్తాడు మేనేజర్ బాపిరాజు.

దురైసామి ఎడమచేతి వైపు చుట్ట చూపించాడు. "ఇది తాగించేది సార్." లేబుళ్ల రిజిస్టర్లో సంతకం పెట్టాడు.

సేదరపేట్‌లో పశువుల మందుల కంపెనీ అది. ఆంధ్రాకు పోయే సీసాల మీద అంతా తెలుగే. దురైసామి ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. చదవడం మాత్రం రాదు; బడిలో నేర్చింది ఈ ఊరి తమిళమే. యానాం నుంచి వచ్చిన బాపిరాజు "మనవాడు దొరికాడు" అని సంబరపడి ఈ పని అప్పగించినప్పుడు దురైసామి ఆ ముక్క చెప్పలేకపోయాడు. పాత సీసా పక్కన పెట్టుకుని అక్షరాల వంపులు పోల్చేవాడు. ఇవాళ పాత సీసా లేదు.

లేబుళ్లు అంటించే పూంగావనం పక్కనే ఉంది.

"ఏందన్నా, నిజంగా సదివినావా?"

"గమ్మునుండు మే. మరిచిపో."

మధ్యాహ్నం ఆమె డబ్బాలోని చింతపండు పులిసోరు లాగించింది. అతనికి ముద్ద దిగలేదు. "మురుగా!" అని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఇంట్లో కారే కుళాయి గురించి ఆలోచించాడు. మళ్లీ కళ్ల ముందు పూతమందు తాగి నురగ కక్కే ఆవే.

"పొద్దున సంగతి నీకు గుర్తు రాలేదా మే?"

"ఏది?" నిజంగానే మరిచిపోయింది. తర్వాత నవ్వింది. "నాకు సదువొచ్చని ఎవురికన్నా చెప్పినానా, బయపడేదానికి? నువ్వు ఆ సంగతిని పోనీలేదన్నా. మూతేసి పైన కూర్చోనుండావు."

మూడింటికి ఆ సీసాల లారీ కదిలింది. దురైసామి పరుగెత్తి అడ్డం నిలబడ్డాడు. బాపిరాజు బయటికొచ్చాడు.

"సార్, నాకు తెలుగు సదవను రాదు."

లోడింగ్ వాళ్లు పకపకా నవ్వారు. "తెలుగోడికి తెలుగు రాదంట!"

బాపిరాజు ఒక పెట్టె విప్పించి, సీసా తీసి చదివాడు. "సరిగ్గానే ఉందండీ."

దురైసామి ఊపిరి వదిలాడు.

"ఇలా గుడ్డిగా చెప్పడం ఇదే మొదటిసారా?"

ఏప్రిల్‌లో ఒకసారి. జూన్‌లో ఒకసారి. అప్పుడు పక్కన ఎవరూ లేరు. మరిచిపోదాం అనుకున్నాడు, మరిచిపోయాడు. ఆ రెండు రోజులూ కడుపునిండా తిన్నాడు కూడా.

"రెండుసార్లు సార్."

బాపిరాజు ఫోన్ తీశాడు. "ఆ లోడ్లు ఎక్కడికి వెళ్లాయి?"

దురైసామి తల ఎత్తలేదు.

"ఒకటి తణుకు. ఇంకొకటి గుడివాడ."

ఊళ్ల పేర్లు చక్కగా గుర్తున్నాయి.