ఇరవై తొమ్మిది పులులు

“విచ్ఛిన్నకారులు అంటే ఎవరు? ఒక ఉదాహరణ ఇవ్వండి” అన్న ప్రశ్నకి ఏడో తరగతిలో ఒకడు ఇలా రాశాడు: “మా చిన్నత్త. మా నాన్ననీ బాబాయినీ విడగొట్టింది.”

సైన్సు టీచరు ఆ కాగితం చదివి తాగుతున్న టీ పొలమారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక తల పట్టుకుంది. రాలిన ఆకుల్నీ చచ్చిన జంతువుల్నీ కుళ్ళబెట్టి మట్టిలో కలిపే బూజు గురించి రెండు రోజులు గొంతు చించుకుని చెప్పిన పాఠం అది. ఆవిడ ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాలేదు. ఇక ఎవరు ఎవర్ని తింటారో బోర్డు మీద బాణం గుర్తులు గీసి చూపి లాభం లేదనుకుని, మర్నాడు ముప్ఫై నలుగురినీ వెంటేసుకుని ఆటస్థలానికి బయల్దేరింది.

“ఎవరికేం కావాలో మీరే చెప్పండి. గడ్డి, జింక, పులి, బూజు.”

“పులి!” అన్నాడు అందరికంటే ముందు మైకు. వాడి గొంతుకి తరగతి పెట్టిన పేరది. ఆ వెనకే “నేనూ పులే, నేనూ పులే” అని ఇంకో ఇరవై ఎనిమిది గొంతులు లేచాయి. ఎప్పుడూ చేతులు పట్టుకు తిరిగే కవలలిద్దరూ జింకలయ్యారు. గడ్డికి కదలక్కర్లేదని తెలిసి ఇద్దరు బద్ధకస్తులు హాయిగా చతికిలబడ్డారు. చివరికి మిగిలింది నిదానం. అన్నం తిన్నా అక్షరం రాసినా అందరికంటే ఆఖరున పూర్తిచేస్తుందని ఆ పిల్లకీ తరగతే పెట్టిన పేరు.

“నేను బూజవుతా టీచర్” అంది మెల్లిగా.

“ఛీ!” అన్నాయి పులులు.

ముట్టుకుంటే తిన్నట్టు. ఇంకొకరికి తిండైనవాడూ, ఈల వేసేలోగా తిండి దొరకనివాడూ చచ్చినట్టు. చచ్చినవాడు ఎక్కడివాడక్కడే పడుకోవాలి. బూజు వచ్చి ముట్టుకుంటే మట్టిలో కలిసి, గడ్డిగా లేవాలి. అంతే ఆట.

టీచరు ఈల ఊదింది. జింకలు గడ్డిని ముట్టుకున్నాయో లేదో, ఇరవై తొమ్మిది పులులూ వాటి మీద విరుచుకుపడ్డాయి. రెప్పపాటులో జింకలూ లేవు, గడ్డీ లేదు. రెండు జింకలు ఏ మూలకీ చాలక, పులులు మాత్రం ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి.

“ఆకలేస్తోంది టీచర్! గడ్డి మొలిస్తే గడ్డైనా తినేస్తా!” అని అరిచాడు మైకు.

“పులి ఆకలేస్తే గడ్డి తింటుందట్రా?”

“ఈ పులి తింటుందండీ!”

టీచరు నవ్వు ఆపుకుంటూ ఈల ఊదింది. పులులన్నీ మూలుగుతూ, కాళ్ళు తన్నుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి. సరిగ్గా అప్పుడే వెనక హెడ్మాస్టరుగారి దగ్గు వినిపించింది. మేడ మీద లెక్కల మేష్టారు ఫిర్యాదు చేశారని ఆయన స్వయంగా దిగివచ్చారు.

“ఏంట్రా ఈ పడకలు?”

“చచ్చిపోయాం సార్” అన్నాడు మైకు, కళ్ళు తెరవకుండా.

“ఏం రోగం?”

“పులులం ఎక్కువైపోయాం సార్.”

హెడ్మాస్టరుగారి మీసం కదిలింది. కోపమో నవ్వో టీచరుకి అంతుబట్టలేదు. నిదానం ఇవేవీ పట్టించుకోకుండా తన పనిలో దిగింది.

“నన్ను ముట్టుకోవే! ఎండకి మాడిపోతున్నా!”

“ముందు నన్ను! నీకు నా పెన్సిలిస్తా!”

“వరసలో రండి” అంది నిదానం.

“చచ్చినవాళ్ళం వరసలో ఎలా వస్తామే?”

“అయితే నోరు మూసుకోండి. చచ్చినవాళ్ళు మాట్లాడరు.”

బడిలో మొట్టమొదటిసారి తరగతంతా ఆ పిల్ల చెయ్యి కోసం ఎదురుచూసింది. ఒక్కొక్కరే గడ్డయి లేచారు. ఆఖరివాణ్ణి లేపి, నిదానం చుట్టూ చూసి, తిన్నగా హెడ్మాస్టరుగారి ముందుకెళ్ళి నిలబడింది.

“సార్, గడ్డి పెరగాలంటే సూర్యుడు కావాలి. మీరు సూర్యుడు. కదలకూడదు.”

ఆయన చేతికర్ర టీచరుకి అందించి, రెండు చేతులూ చాపి, ఆటస్థలం నడుమ నిలబడ్డారు. పిల్లల కేకలకి గోడ మీది కాకులు లేచిపోయాయి.

రెండో ఆటకి పిల్లలే పాత్రలు పంచుకున్నారు. గడ్డి ఇరవై మంది, జింకలు తొమ్మిది, పులులు ఇద్దరంటే ఇద్దరే. బూజుకి మాత్రం తోపులాట. మైకు ఎంత బతిమాలినా “నీకు ఓపిక లేదు, గడ్డిగా ఉండు” అని నిదానం ఇంకెవరినో ఇద్దర్ని ఎంచుకుంది. ఈసారి ఈల మీద ఈల వేసినా ఆట ఆగలేదు. ఒకవైపు చస్తూనే ఉన్నారు, ఇంకోవైపు మొలుస్తూనే ఉన్నారు.

మేడ మీద కిటికీలోంచి లెక్కల మేష్టారు తల బయటపెట్టారు.

“గొడవ ఆపమని పంపిస్తే మీరూ కలిశారేంటి సార్? ఆ చేతులేంటి? లోపలికి రండి!”

“ఎలా వచ్చేదయ్యా?” అని అరిచారు హెడ్మాస్టరుగారు, చేతులు దించకుండా. “నేను కదిలితే వీళ్ళంతా చస్తారు!”

టీచరు ఈల ఊదబోయింది. నవ్వుకి ఊపిరి చాలక అది కుయ్యిమని ఊరుకుంది.