గద్దె దిగిన గుర్తు

నేను ఒక రాగి బిళ్ళని. నా ఒంటి మీద ‘విశ్రాంతి’ అని రాసుంది. నా మొహానికి విశ్రాంతి కూడానా!

పదిహేడొందల ఏళ్ళ కిందట రోమ్ చక్రవర్తి ఒకాయన, ఎవరూ దించకుండా తనంతట తనే గద్దె దిగాడు. ఆ వింతకు గుర్తుగా నన్ను సుత్తితో బాది పుట్టించారు. ఆయన హాయిగా క్యాబేజీలు పెంచుకుంటూ కూర్చున్నాడు. నేను మాత్రం సిపాయి మొలలోంచి సారా కొట్టుకి, అక్కణ్ణుంచి మట్టిలోకి, మట్టిలోంచి వేలంపాటకి తిరిగి తిరిగి, కాకినాడలో కళ్ళ డాక్టరు జోగారావు గారి బల్ల మీదికొచ్చి పడ్డాను.

ఆయనకి ఇదే పిచ్చి. గద్దె దిగిన గుర్తుగా వేసిన నాణేలే ఏరి ఏరి కొంటారు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, దిగడం తెలిసినవాడే రాజు అంటారు. తను మాత్రం డెబ్బై దాటినా ఆపరేషన్లు మానరు. ఆయన హస్తవాసి మంచిదని ఊరంతా అంటుంటే మానేదెలా? కానీ ఈమధ్య ఆ చేతిలో వణుకు మొదలైంది. రోజూ పట్టుకునేది నన్నే కాబట్టి నాకే తెలుసు. చెప్పడానికి నోరు లేక లోపల్లోపలే గిలగిల్లాడిపోయాను.

మొన్న నూకాలమ్మ వచ్చింది. బజార్లో పూలు కట్టి అమ్ముకునే మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న ఒక్కదానికీ శుక్లం ముదిరింది. మర్నాడే ఆపరేషన్. తను చేస్తానని జూనియర్ డాక్టరు నీలవేణి అంటే ఆవిడ ససేమిరా అంది. బాబుగారి చెయ్యి పడాల్సిందేనట. జోగారావు గారు పొంగిపోయి, నా కథ చెప్పడానికి నన్ను చేతిలోకి తీసుకున్నారు. ఓరి నాయనో, ఉన్నది ఒక్క కన్ను! వేళ్ళు వణికాయి. ఎప్పుడూ ఆ వేళ్ళని పట్టుకుని వేలాడేదాన్ని, ఆ పూట కావాలనే వేలాడలేదు.

గచ్చు మీద ఖంగుమని పడ్డాను. నూకాలమ్మ తడిమి తడిమి నన్ను ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. వణుకు ఆవిడకీ తెలిసిపోయింది.

ఆయన తల వంచుకున్నారు. “నీ కంటికి చేసేది ఈ అమ్మాయే, నూకాలమ్మా. నేనింక చెయ్యను.”

ఆవిడ ఆయన వేళ్ళని నా మీదుగా మూసింది.

“సరే బాబుగారూ. మీరు నా చెయ్యి పట్టుకుని కూచోండి. వణికితే వణికింది, నాదీ వణుకుతాది.”

నిన్న ఆపరేషన్ గదిలోకి నీలవేణి ముందు నడిచింది, ఆయన వెనక నడిచారు. తలుపు మూసుకున్నాక నాకు ప్రాణం నిలవలేదు. ఇవాళ కట్టు విప్పగానే నూకాలమ్మ దేవుడి పటం వైపు చూసి, ఆ దండ ఎవరు కట్టారో గానీ కనకాంబరాలు వాడినవే కట్టారని తిట్టింది.

జోగారావు గారు ఇవాళ ఎవరికీ నా కథ చెప్పలేదు.