లిక్ ఫోర్క్‌లో దూలం మూలిగిన రోజు

ఆ ఏడాది చలి గురించి చెబితే మీరు నమ్మరు. మా లిక్ ఫోర్క్‌లో పొయ్యి పొగ గొట్టంలోనే గడ్డకట్టేది. గొడ్డలి పెట్టి నరికితేగాని పైకి పోయేది కాదు. తన ఆవు పాలకు బదులు ఐస్‌క్రీమ్ ఇచ్చిందని మా బావమరిది చర్చిలో నిలబడి ఒట్టు వేశాడు. అందులో మీకు తోచినంత తీసేసుకోండి, మంచు మాత్రం నిజం. కొండ మీదా, బొగ్గు గని కొట్టాల మీదా, కాలేజీ బాస్కెట్‌బాల్ హాలు కప్పు మీదా నడుము లోతున పేరుకుంది. నడుమ ఒక రోజు వాన పడి, ఆ మంచంతా నీళ్లు తాగి, తెల్లారేసరికి మళ్లీ బిగుసుకుంది. ఇక ఇక్కడి నుంచి చెప్పేదాంట్లో నేనొక్క ముక్క పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

మా కాలేజీ జట్టు కోచ్ ఎస్టిల్ కోంబ్స్. కొండ మీది ఒంటిగది బడిలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను ఆ బడితోనే చదువు చాలించి, పశువుల దాణా అమ్ముకుంటూ బతికాను. అతను పద్నాలుగో ఏట తండ్రి వెంట గనిలోకి దిగాడు. కంపెనీ ఇళ్ల వెనక గోడకు పీపా ఇనప కట్టు ఒకటి బిగించి, గుడ్డపేలికలు కుక్కిన మేజోడునే బంతి అనుకుని విసిరేవాడు. గురి ఎలాంటిదంటే, ఆదివారం విసిరింది సోమవారం వచ్చినా సరే, కట్టులోనే పడేది.

గనిలో పైకప్పు కూలకుండా దుంగలు ఆనించి ఉంచుతారు. బరువు మించితే ఆ దుంగ పలుకుతుంది. గనివాళ్లు అలాగే అంటారు, పలికిందని. ముందు చిటపట, ఆ తర్వాత మూలుగు. ఆ మూలుగు చెవిన పడ్డవాడు పార పడేసి పరుగెత్తాల్సిందే. ఒకరోజు దుంగ పలికింది. ఎస్టిల్ పరుగెత్తాడు. వాళ్ల నాన్న మాత్రం, "నువ్వు పద, ఈ ఒక్క బండీ నింపేసి వస్తా," అన్నాడు. ఆ బండి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయనా అక్కడే ఉన్నాడు.

ఎస్టిల్ మళ్లీ గనిలో కాలు పెట్టలేదు. బంతి అతన్ని పైకి లాగింది. బంతి వల్లే కాలేజీలో సీటు వచ్చింది, కాలేజీ వల్ల పక్క లోయ బడిలో కోచ్ ఉద్యోగం వచ్చింది. అక్కడ బొగ్గుమసి పిల్లలతో పెద్దపెద్ద బడులను ఓడించాడని మా కాలేజీవాళ్లు పిలిచి కుర్చీ వేశారు. గెలిచినన్నాళ్లూ ఊళ్లో అతను కాఫీకి జేబులో చెయ్యి పెట్టే పని లేకపోయింది. తర్వాత వరసగా మూడేళ్లు ఓడాడు. కాఫీ అమ్మేవాడికి చూపు మందగించి, అతను కనబడడం మానేశాడు.

దూలం మూలిగిన ఆ శనివారానికి ముందు ఎస్టిల్ నా కొట్టుకొచ్చి దాణా బస్తా మీద కూర్చున్నాడు.

"కాలేజీ ప్రెసిడెంటు పిలిచాడు, వర్జిల్."

"ఎవరు, ట్రంబోగారా? టీకి పిలిచాడా, టాటాకి పిలిచాడా?"

"శనివారం బ్రాడ్‌వాటర్ కాలేజీ మీద గెలిస్తే కాన్సాస్ సిటీలో దేశం మొత్తానికీ జరిగే పోటీలకు పోతామట. ఓడితే వచ్చే ఏడు నా కుర్చీలో ఇంకొకడట."

"మరి గెలవరాదూ?" అన్నాను. నాకు తెలిసిన సలహాలన్నీ అలాంటివే.

నవ్వలేదు. "ఒనీడాకి చెప్పలేదు," అన్నాడు. ఒనీడా అతని భార్య. "నాకు ఇంకేం పని వచ్చురా? కొండ మీదికి బంతి, కొండ కిందికి గని. మూడోది లేదు నాకు."

శనివారం మధ్యాహ్నం ఆట. రోడ్లు మూసుకుపోయినా జనం గుర్రాల మీద వచ్చారు, ట్రాక్టర్ల మీద వచ్చారు. చెక్క మెట్ల గ్యాలరీలు రెండూ కొసదాకా నిండిపోయాయి. పిల్లలు ఒళ్లోకి చేరారు, ఒళ్లు ఒకదాని మీదికొకటి చేరాయి. నేను ప్రతి ఆటకూ బల్ల దగ్గర కూర్చుని గడియారం చూసేవాణ్ణి, బూర ఊదేవాణ్ణి. కోచ్ బెంచీ నా పక్కనే.

మా ఊరి వాడుక ఒకటి చెప్పాలి. మావాడి తప్పుకు అవతలి జట్టుకు ఫ్రీ త్రో, అంటే అడ్డు లేకుండా వేసే ఒక పాయింటు బంతి, దొరికి, వాళ్ల కుర్రాడు గీత దగ్గర ఒంటరిగా నిలబడి బంతి వేయబోతుంటే, హాలంతా చెక్క మెట్ల మీద కాళ్లు దడదడా తొక్కేవారు. దాన్ని మేం పిడుగు అనేవాళ్లం. ఎస్టిల్ పెట్టిన వాడుకే అది. బెంచీ మీంచి లేచి రెండు చేతులూ పైకెత్తేవాడు, అంతే, పిడుగు పడేది. ఒకసారి ఆ అదురుకు అవతలి కుర్రాడి బూట్ల తాళ్లు వాటంతటవే ఊడిపోయాయి.

రెండో సగంలో ఎస్టిల్ ఆట చూడటం మానేసి కప్పు చూడటం మొదలుపెట్టాడు.

"ఏంట్రా పైకి చూస్తావ్? దేవుడు అవతలి జట్టోడే. వాళ్లది పాస్టర్ల కాలేజీ," అన్నాను.

"వర్జిల్, విన్నావా?"

"పక్కనోడు చెవిలో అరిస్తేనే వినపళ్లేదు, ఇంకేం వినమంటావు?"

"దూలం పలికింది."

నవ్వబోయాను. సరిగ్గా అప్పుడే నా బల్ల మీద, గడియారం పక్కన, సన్నగా ఏదో రాలింది. వేలితో తీసి చూశాను. చెక్క పొట్టు. పైన నడిమి దూలం వైపు చూశాను. ఏమీ కనబడలేదు.

ఎస్టిల్ వెనక్కి తిరిగాడు. ట్రంబోగారు మొదటి వరసలో గొంతుకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు.

"అయ్యా, జనాన్ని బయటికి పంపేద్దాం. కప్పు బాలేదు."

"కప్పా? ఒక్క పాయింటు ముందున్నాం కోచ్‌గారూ! ఇప్పుడు కప్పేమిటి?"

"నా మాట వినండి."

"ఇంకెంత, అయిపోవచ్చింది. ఈ కాస్తా కానిచ్చి పంపేద్దాం."

ఈ కాస్తా కానిచ్చి. ఆ మాట వినగానే ఎస్టిల్ ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. కుండకు చిల్లు పడ్డట్టు దిగిపోయింది.

ఆరు సెకన్లు మిగిలాయి. అప్పుడు మా డ్యూయీ స్లోన్, తాటిచెట్టంత కుర్రాడు, బ్రాడ్‌వాటర్ వాణ్ణి మోచేత్తో గుద్దాడు. రిఫరీ ఈల వేశాడు. వాళ్లకు రెండు ఫ్రీ త్రోలు.

హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. వేల కాళ్లు గాల్లోకి లేవడానికి సిద్ధమయ్యాయి. నాకూ అప్పుడే అర్థమైంది. ముందు పిడుగు. వాడి బంతులు రెండూ తప్పితే మేం గెలుస్తాం, గెలిస్తే ఊరంతా మెట్ల మీద గెంతి ఒక్కసారిగా ఆట నేల మీద పడుతుంది. ఆ దూలం కిందే.

ఎస్టిల్ లేచి హాలు మధ్యకు పరుగెత్తాడు. "వద్దు! తొక్కొద్దు!" అని రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

ఎత్తకూడని చేతులు ఎత్తాడు.

పిడుగు పడింది. అతను చేతులు ఊపేకొద్దీ జనం ఇంకా గట్టిగా తొక్కారు. "కోచ్ అడుగుతున్నాడర్రా, తొక్కండి!" అని ఎవడో అరిచాడు. అతని నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనబడుతోంది, మాట మాత్రం నాదాకా కూడా రావడం లేదు. నా బల్ల అదురుతోంది. బల్ల మీద పొట్టు, పిండి జల్లించినట్టు పడుతోంది. నేను బూర ఊదాను. నా బూర నాకే వినబడలేదు. రిఫరీ ఎస్టిల్‌ను చూసి ఈల వేస్తూ, బయటికి నడవమని వేలు చూపిస్తున్నాడు.

ఎస్టిల్ చేతులు దించేశాడు. చుట్టూ ఒకసారి చూశాడు. ఒనీడా అవతలి గ్యాలరీలో, పై వరసలో ఉంది. ఆమె వైపు కాసేపు చూసి, తర్వాత నెమ్మదిగా అవతలి బెంచీకి నడిచాడు. వాళ్ల కోచ్ లైల్ ప్రాఫిట్ ఎదుట ఆగి చెయ్యి చాచాడు. వాళ్ల మాటలు తర్వాత ప్రాఫిట్టే నాకు చెప్పాడు.

"ఆట నీదే లైల్. చెయ్యివ్వు."

"ఇదేం ఎత్తు, ఎస్టిల్?"

"ఎత్తూ లేదు గిత్తూ లేదు. చెయ్యివ్వవయ్యా బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా."

ప్రాఫిట్ చెయ్యిచ్చాడు. మా దగ్గర కోచ్‌లు చేతులు కలిపారంటే ఆట ముగిసినట్టే. గడియారంలో టైము మిగిలి ఉండగా, ముందంజలో ఉన్నవాడు వెళ్లి ఓటమి ఒప్పుకుని చెయ్యివ్వడం మా ఊళ్లో ఎవరూ కనలేదు, వినలేదు. కాళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరి పిల్లవాడి చివరి తొక్కుడు కూడా ఆగింది. చర్చిలో శవపేటిక ముందు కూడా మా ఊరు అంత నిశ్శబ్దంగా ఉండలేదు.

"కోచ్... ఏం చేశారు మీరు?" అన్నాడు డ్యూయీ.

ఆ నిశ్శబ్దంలో దూలం మూలిగింది.

ఈసారి అందరూ విన్నారు. పొడుగ్గా, లోతుగా, ఈనలేక ఈనే గొడ్డు మూలుగు. గ్యాలరీ నిండా ముఖాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఎక్కడో ఒక ఆడమనిషి "యేసయ్యా" అంది. ముందు వరసలు కదలబోయాయి. తలుపులు రెండే. ఇంతమంది ఒక్కసారి పరుగెడితే చావడానికి కప్పుతో పనిలేదు.

ఎస్టిల్ ఆట నేల నడిమధ్యకు, సరిగ్గా దూలం కిందికి వచ్చి నిలబడ్డాడు. కేక వేయలేదు. బడిలో పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఎవరూ పరుగెత్తొద్దు. కింది వరస ముందు. పైవాళ్లు కూర్చోండి, మీ వంతొస్తుంది. కాలు గట్టిగా వేయొద్దు, నిద్రపోయే పిల్ల పక్కన నడిచినట్టు నడవండి. నేనిక్కడే నుంచుంటా. నేను కదిలానంటే, అప్పుడు పరుగెత్తండి."

"నేనూ ఇక్కడేనా?" అన్నాను.

"నువ్వూ అక్కడే. నీ ముఖం చూస్తే ఎవడికీ భయం వెయ్యదు."

అలా నన్ను ఆ బల్లకు కట్టేశాడు. దాటిపోయే వాళ్లందరితో, "రేపు రండి, దాణా చవగ్గా ఇస్తా," అన్నాను. ఆ ముక్క తప్ప ఇంకేదీ నా నోట్లోకి రాలేదు. కీళ్లనొప్పుల మ్యాగీ అత్త కర్ర టకటకలాడించుకుంటూ ఎస్టిల్ ఎదుట ఆగింది.

"మీ నాన్నలాగే మొండోడివిరా ఎస్టిల్. పక్కకి జరగరా."

"నువ్వు నడువత్తా. కర్ర ఎత్తి పట్టుకుని నడువు."

గొంతు స్థిరంగానే ఉంది. కానీ ప్యాంటు అంచులు గాలి లేకుండానే వణకడం నేను చూశాను. మరో రెండుసార్లు మూలుగు వినబడింది. ప్రతిసారీ అతను కళ్లు మూసుకుని మళ్లీ తెరిచాడు. పై వరస దిగి ఒనీడా వచ్చింది. ఆగబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక ఇద్దరం తలుపు దాకా నడిచాం. నడిచాం అంటున్నాను, పరుగెత్తలేదు. వెనక ఎవరో మెడ మీద చల్లగా ఊపిరి వదులుతున్నట్టే ఉంది.

బయట ఊరంతా మంచులో నిలబడి హాలు వైపే చూస్తోంది. చూసింది. ఇంకా చూసింది. కప్పు అలాగే ఉంది.

"ఏదీ?" అన్నాడొకడు.

"పడదేంటయ్యా?" అన్నాడింకొకడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నవ్వలేదు. "కాన్సాస్ సిటీ పాయె," అని ట్రంబోగారు గొణుక్కుంటూ కారెక్కారు.

ఎస్టిల్ నా చెవి దగ్గరకొచ్చాడు. "వర్జిల్, పడితే బాగుణ్ణనిపిస్తోందిరా. ఎంత పాపిష్టి మనసో చూడు."

అది పడలేదు. ఆ రోజూ పడలేదు, ఆ వారమూ పడలేదు. పెద్ద ఊరి నుంచి ఇంజనీరు వచ్చి నిచ్చెనెక్కాడు. నడిమి దూలంలో తన వేలు దూరేంత పగులుంది. "అప్పుడే కూలేదా?" అని అడిగాం. "కూలి ఉండొచ్చు. ఇంకో ఇరవయ్యేళ్లు నిలిచీ ఉండొచ్చు," అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి మా మ్యాగీ అత్త చాలు. కింద ఇనప స్తంభాలు నిలబెట్టారు.

ఎస్టిల్ కుర్చీ పోయింది. మా ఊరు రెండైంది. ప్రాణాలు కాపాడాడని సగం, ఆట చెడగొట్టాడని సగం. ఒకే ఇంట్లో మొగుడు ఒక సగం, పెళ్లాం ఒక సగం. అతను పక్క లోయ బడికే తిరిగిపోయి, చిన్నపిల్లలకు బంతి వేయడం నేర్పుతూ ముసలివాడయ్యాడు. ఒకసారి అడిగాను.

"ఖాయంగా తెలుసుట్రా నీకు, పడుతుందని?"

"తెలీదు. తెలిసుంటే అంత భయం ఎందుకేస్తుంది?"

ఇప్పుడు మా కాలేజీకి ఇనప కప్పు హాలుంది. వేరే ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు, మావాళ్లు కూర్చోబోయే ముందు ఒకసారి తలెత్తి పైకి చూడటం గమనించి, ఎంత భక్తిగల ఊరో అనుకుంటారు. మేం దిద్దం. ఎస్టిల్ ప్రతి ఆటకూ వస్తాడు, నా పక్కనే, తలుపు దగ్గర కూర్చుంటాడు. అతను పైకి చూడడు. తల కొంచెం పక్కకు వాల్చి ఉంచుతాడు.

"కప్పు ఏవంటోందిరా?" అంటాను మోచేత్తో పొడిచి.

"నువ్వు నోర్మూస్తే కదా వినేది," అంటాడు.

నేను నోరు మూస్తాను.