కోటమ్మ కొలిచిన అన్నం

నేను ఒక స్టీలు కప్పును. అన్నం కొలిచే కప్పును. ఒంటిమీద పావు, సగం, ముప్పావు అని గీతలుంటాయి. కార్ఖానా నుంచి అందరూ వంటిళ్లకు పోతే నేను మెడికల్ కాలేజీకి పోయాను. వెళ్లిన కొత్తల్లో స్టాఫ్‌రూములో పంచదార మోశాను. పెద్ద చదువుల వాళ్ల దగ్గర చిన్న వస్తువుల గతి ఇంతే.

తర్వాత పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే శిక్షణ మొదలైంది. విద్యార్థులకే కాదు, వాళ్ల అధ్యాపకులకూ. నన్ను కడిగి బల్లమీద పెట్టారు. "నిన్న ఎంత తిన్నారో ఈ కప్పుతో చూపించమనండి. తిన్న మనిషే చూపించాలి" అన్నారు. డాక్టర్ వామనమూర్తి గారు తలూపారు. పక్కనే రెండో ఏడాది చదివే సలోమి కూడా ఊపింది.

ఊరి చివర ఒక కాలనీలో గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గుతోందో తేల్చడం వాళ్ల పని. తిండి చాలడం లేదని తేలితే ఆ కాలనీకి మధ్యాహ్న భోజనం అడగొచ్చు. చాలుతోందని తేలితే, రక్తం పట్టే మాత్రలు మింగని తప్పంతా ఆడవాళ్లదే అవుతుంది.

ఆ కాలనీలో మేం వెళ్లిన ఇంటి కోడలు కోటమ్మకు ఆరో నెల. ఆమె నోరు తెరిచేలోగా అత్త ఆదెమ్మ జవాబిచ్చింది.

"మా ఇంట్లో తిండికేం కరువు డాక్టరుగారూ? పూటకు రెండు కప్పులు తింటది నా కోడలు."

వామనమూర్తి గారు రాసేసుకున్నారు. సలోమి నన్ను కోటమ్మ చేతికిచ్చింది. "నువ్వు చూపించక్కా."

కోటమ్మ అత్తవైపు చూసి, అప్పుడే వార్చిన అన్నంతో రెండింటిలో మొదటిదన్నట్టు నన్ను అంచుదాకా నింపింది. నాకు ఒళ్లు మండింది. నా గీతలున్నది తిండి కొలవడానికి, ఇంటి పరువు కొలవడానికి కాదు.

"నిన్న అందరూ తిన్నాక నువ్వు తినడానికి కూర్చునేసరికి గిన్నెలో ఎంతుందక్కా?" అని అడిగింది సలోమి.

కోటమ్మ మళ్లీ అత్తవైపు చూసింది.

"పదమ్మా, ఇంకా చాలా ఇళ్లున్నాయి" అన్నారు వామనమూర్తి గారు.

"మనం నేర్చుకున్నది ఇది కాదు సార్."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"మనిద్దరికీ చెప్పిన పాఠమే సార్. ఇక్కడ రెండు కప్పులని వేస్తే కింద నేను సంతకం పెట్టను."

"మార్కులు ఎవరు వేస్తారో గుర్తుందా?"

"ఉంది సార్" అంది సలోమి. కూర్చున్న చోటునుంచి కదల్లేదు.

ఆదెమ్మకు విసుగొచ్చింది. "ఏందమ్మా నీ గోల? నా కాలంలో నేనూ అడుగున మిగిలిందే తిన్నా. నలుగుర్ని కన్నా. చచ్చానా?"

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. వామనమూర్తి గారి పెన్ను ఆగిపోయింది.

కోటమ్మ నాలోని అన్నం తిరిగి గిన్నెలోకి తోడింది. సగం గీత దాకా. ఒక్క క్షణం ఆగి, ఇంకో పిడికెడు తీసింది.

"ఇంతే అత్తా. నువ్వు చావలేదు. నాకు మాత్రం కళ్లు తిరుగుతున్నయ్." తర్వాత సలోమితో అంది, "రాసుకో."

సలోమి నాకోసం చెయ్యి చాపింది. కోటమ్మ ఇవ్వలేదు.

"ఉండు. ఆకలేస్తంది."

ఆ తర్వాత సలోమికి మార్కులు తగ్గాయి. నాలో ఎవరో తిన్నారని నన్ను సామాన్ల గదిలోకి తోశారు. తొయ్యనీ. కోటమ్మ చూపించిన కొలతను ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. ఆ రోజు మగవాళ్లింకా పనినుంచి రాలేదు. అత్త చూస్తుండగానే కోటమ్మ నాలో పప్పు పోసుకుని కలుపుకుంది. ఆ ఇంట్లో ఆ పూట మొదటి ముద్ద కోటమ్మదే.