మూడో అంతస్తులో బాలింతలు

హోటలుకు వందేళ్లు నిండుతున్న సందర్భంగా చరిత్ర పుస్తకం తయారుచేసే పనిని మేనేజరు రిసెప్షన్‌లోని అమ్మాయికి అప్పగించాడు. బస చేసిన ప్రముఖుల ఫోటోలు బోలెడన్ని దొరికాయి. వరద వచ్చిన ఏడాది గురించి మాత్రం ‘వారం రోజులు మూసివేయబడింది’ అన్న ఒక్క ముక్కే ఉంది. అదేమిటో అడుగుదామని ఆ అమ్మాయి, దుప్పట్ల గదిలో నలభై ఏళ్లు కుట్టుపని చేసి రిటైరైన, హోటల్లో అందరూ ‘దర్జీ అత్త’ అని పిలిచే ఆవిడ ఇంటికి వెళ్లింది.

“మూయడమేంటే? పెళ్లి విందులప్పుడు కూడా అంత సందడి లేదు,” అంది అత్త.

ఆ ఏడు నది పొంగి, పక్క వీధిలోని ప్రసూతి ఆసుపత్రిలోకి నీళ్లొచ్చాయి. హోటలు ఎత్తు మీద ఉంది. వంటవాళ్లు, గదులు సర్దేవాళ్లు కలిసి బాలింతలను కుర్చీల్లో మోసుకొచ్చి మూడో అంతస్తులోని ఖరీదైన గదుల్లో పడుకోబెట్టారు. పసిబిడ్డల ఒంటికి చుట్టడానికి మెత్తటి గుడ్డ లేదు. దుప్పట్లన్నీ గంజి పెట్టి గరుగ్గా ఉన్నాయి. అత్త బీరువా తెరిచి, పెద్ద విందుల్లో బల్లల మీద పరిచే తెల్లటి నూలు గుడ్డలు తీసి పరపరా కత్తిరించేసింది.

నాలుగో రోజు యజమాని పడవలో వచ్చాడు. చెంచా వంకరగా పెట్టినా ఊరుకోని మనిషి. మూడో అంతస్తుకు వెళ్లి, ఒక బిడ్డకు చుట్టిన గుడ్డను పట్టి చూశాడు. మూలన హోటలు ముద్ర.

“ఎవరు కత్తిరించింది?”

“నేనేనండీ,” అంది అత్త.

ఆయన ఆ అంచును వేలితో తడిమాడు. “మడిచి కుట్టలేదేం? పోగులు ఊడి పిల్లాడికి గుచ్చుకోవూ?”

ఆ పూటంతా అత్త అంచులు కుడుతూ కూర్చుంటే, ఆయన పక్కన కుర్చీ వేసుకుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చాడు. బాలింతలు ఇళ్లకు వెళ్లేటప్పుడు గుడ్డలు ఉతికి తిరిగివ్వబోతే, “బిడ్డ చలికి ఉంచమ్మా,” అన్నాడు.

పుస్తకం అచ్చయ్యాక అమ్మాయి ఆ పేజీ తెచ్చి అత్తకు చదివి వినిపించింది. అత్త కళ్లు తుడుచుకుని, కాస్త నొచ్చుకుంటూ అడిగింది.

“మెట్ల మీద పుట్టినవాడి సంగతి రాయలేదేమే?”

“మీరు చెప్పలేదుగా అత్తా.”

“చెప్పలేదూ? అయితే కూర్చో.”