పడవ ముట్టుకోకూడదు

తిరుపతిరావు పడవలో కూర్చున్నాడు.

కిరీటి చప్పున అటు తిరిగాడు. అక్క నీళ్లలో ఉండగా నాన్న కూర్చోవడం వాడు బుద్ధెరిగాక చూళ్లేదు. ఇంగ్లిష్ ఛానల్ చలిలోనూ అంతే, పాక్ జలసంధి ఎండలోనూ అంతే. ఎర్రటోపీ పెట్టుకుని మొదటి బార నుంచి ఒడ్డు చేరేదాకా నిలబడే ఉండేవాడు. ఉషశ్రీ ఊపిరి కోసం ఎడమవైపు తల తిప్పినప్పుడల్లా ఆ టోపీ కనపడాలి. కనపడితే చాలు, ఇంకో బార వేస్తుంది. ఆమె రెండు రికార్డులూ అలా వచ్చినవే.

"ఏంటి నాన్నా?"

"ఎండరా, అంతే."

ఎండ కాదు. చెయ్యి గుండె మీద ఉంది. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. కిరీటి అందుకునేలోపే ఆయన పక్కకి ఒరిగిపోయాడు. వాడు తండ్రి తలని ఒళ్లోకి తీసుకున్నాడు. రికార్డు పరిశీలకురాలిగా వచ్చిన హెలెన్ ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

మంగినపూడిలో చీకటితో బయల్దేరారు. హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒడ్డెక్కాలి. ఇంకా గంటన్నర ఈత ఉంది. ఇంజను గట్టిగా వదిలితే పడవకి పావుగంట. కానీ ఉన్నది ఒక్కటే పడవ. ఈదే మనిషిని నడి సముద్రంలో వదిలి అది కదలకూడదు.

"ఉషని ఎక్కించుకుని వెళ్లిపోదామండీ. ఈ ఈత ఆపేద్దాం," అంది హెలెన్.

తిరుపతిరావు కళ్లు తెరిచాడు. "వద్దమ్మా. పోయినేడు చేసింది చాలు."

పోయినేడు ఇదే దారిలో, ఒడ్డు కనపడుతుండగా ఉషకి పిక్క పట్టేసి మునిగింది. తిరుపతిరావు ఆగలేక చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఈతగత్తె పడవని ముట్టుకున్నా, పడవలో వాళ్లు ఆమెని ముట్టుకున్నా ఆ ఈత చెల్లదు. పిక్క కాసేపట్లోనే సర్దుకుంది. ఏడాది కష్టం మాత్రం కొట్టుకుపోయింది. ఆమె ఒక్కమాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన కూతురి ఎదురుగా కూర్చుని అన్నం తినలేదు.

థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ దిగి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పిల్లకి ఈత నేర్పిన రోజుల్లో మొదట చెప్పిన పాఠం కూడా అదే. "పడవ లేదనుకో. చేతికందేంత దగ్గర్లో ఉన్నా లేదనుకో."

"టోపీ పెట్టుకోరా," అన్నాడు ఇప్పుడు కొడుకుతో. "అది ఇటు చూస్తది. దానికి చెప్పావంటే చంపేస్తాను."

"చంపాలంటే ముందు నువ్వు బతికుండాలిగా," అన్నాడు కిరీటి. వాడికి ఏడుపు ఆగడం లేదు.

టోపీ పెట్టుకున్నాడు. తండ్రి తల ఒళ్లో ఉంది. లేచి నిలబడలేకపోయాడు.

ఉష తల తిప్పింది. ఒక్క క్షణం ఆమె చేతులు ఆగాయి. కిరీటి చెయ్యెత్తి ఊపాడు. ఆమె మొహం మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఇక లాభం లేదు, పిలవాల్సిందే అనుకుని వాడు "అక్కా" అనబోయాడు. అప్పుడే ఉష వేగం అందుకుంది.

"ఇదేందండీ బాబూ!" పడవ నడుపుతున్న శౌరయ్య ఇంజను పెంచాడు. "పాపగారు మోటారు పెట్టుకొచ్చారా ఏంటి!"

"ఇలాగే పోతే పాత రికార్డు గల్లంతే," అంది హెలెన్ గడియారం చూసి. ఆ మాట అన్నందుకు తనే తల దించుకుంది.

కిరీటి పిలవడం మానుకున్నాడు. పొద్దుట్నుంచి దాచుకున్న సత్తువంతా అక్క ఇప్పుడు బయటికి తీసిందనుకున్నాడు. తాడు కట్టిన గ్లూకోజు నీళ్ల సీసా విసిరాడు. ఆమె దాన్ని మోచేత్తో పక్కకి నెట్టేసి సాగిపోయింది. ఎంత పంతం!

"ఎట్టా ఈదతంది?" అన్నాడు తిరుపతిరావు.

"ఎగిరిపోతోంది నాన్నా."

"నే చెప్పలా..."

ఆయన కొడుకు వేలు పట్టుకున్నాడు. ఒడ్డు దగ్గరపడ్డాక సిగ్నల్ వచ్చింది. హెలెన్ ఆంబులెన్స్‌ని పిలిచింది. వేలు మీద పట్టు ఎప్పుడు వదులైందో కిరీటికి తెలియలేదు. తెలిశాక, మొహం అక్కకి కనపడకుండా టోపీ కిందికి లాక్కున్నాడు.

ఉషశ్రీ తడి ఇసుక దాటి పొడి ఇసుక మీద నిలబడింది. హెలెన్ గడియారం నొక్కింది. రికార్డు బద్దలైంది. ఒడ్డున జనం ఈలలు వేశారు. ఎవరో శాలువా పట్టుకుని ఎదురొచ్చారు. ఆమె వాళ్లని తోసేసి వెనక్కి తిరిగి, పడుతూ లేస్తూ పడవ వైపు పరిగెత్తింది.

"ఆంబులెన్స్ ఏదిరా? నాన్నని దించండి! త్వరగా!"

కిరీటి నిర్ఘాంతపోయాడు. "నీకెవరు చెప్పారక్కా?"

"టోపీ కూర్చునుంది. నాన్న ఎప్పుడైనా కూర్చున్నాడా? ఆయనకేదో అయిందని అప్పుడే తెలిసింది." ఆమెకి ఊపిరి అందడం లేదు. "పడవ నన్నొదిలి రాదు కదరా. నేనెంత తొందరగా ఒడ్డెక్కితే ఆయన అంత తొందరగా ఆస్పత్రికి... అందుకే... దించండి!"

ఎవరూ కదల్లేదు. ఆమె అప్పుడు తమ్ముడి ఒళ్లోకి చూసింది.

"నువ్వు రికార్డు కోసం ఈదుతున్నావనుకున్నా," అన్నాడు కిరీటి. అనకూడని మాట ఆ వెంటే వచ్చేసింది. "పడవ ఎక్కేస్తే పోయేది కదక్కా. పావుగంటలో వచ్చేసేవాళ్లం."

ఉషశ్రీ వాడి మొహంలోకి చూసింది. ఎన్నడూ వినని సంగతేదో విన్నట్టు చూసింది.

"ఎక్కొచ్చా?" అంది.

మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. తండ్రి మొహం మూరెడు దూరంలో ఉంది. చాచిన చేతులు పడవ అంచు దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయాయి.